నల్ల కవరులో డబ్బా

రక్తం ఇవ్వడానికి వచ్చేవాళ్లు చొక్కా చెయ్యి మడుచుకుంటూనే మా ల్యాబ్‌లోకి వస్తారు. మలం డబ్బా తెచ్చేవాళ్ల తీరు వేరు. డబ్బాని పేపర్లో చుట్టి, నల్ల కవరులో పెట్టి, దాన్ని ఇంకో కవరులో దూర్చి తెస్తారు. కౌంటరు మీద పెట్టేసి గోడమీది క్యాలెండరు చూస్తూ నిలబడతారు. ఒక్కో పొరా విప్పుతుంటే మొగలిపొత్తు విప్పినట్టే ఉంటుంది, వాసన సంగతి పక్కన పెడితే.

ఈమధ్య ఆ డబ్బాలతో వచ్చే చీటీల మీద తరచు కనిపించే పేరు ఫీకల్ కాల్‌ప్రొటెక్టిన్. నోరు తిరగనివాళ్లు "ఆ ప్రొటీను టెస్టండీ" అంటారు. అదీ నిజమే. న్యూట్రోఫిల్ అనే తెల్లకణం లోపలి ద్రవంలో ఉండే ప్రొటీనులో సుమారు 60 శాతం ఇదే. పేగు లోపలి పొర వాచి పుండు పడితే ఈ కణాలు అక్కడ మూగుతాయి, పొర దాటి పేగులోకి రాలిపోతాయి. కణం పగిలినా ఈ ప్రొటీను ఓ పట్టాన చెడదు. 1980లో నార్వేలో మాగ్నే ఫాగెర్‌హోల్ బృందం దీన్ని తెల్లకణాల్లోంచి వేరుచేసింది. మలంలో కొలిచే పద్ధతి కూడా 1992లో అక్కడివాళ్లే చెప్పారు.

గది వేడిలో రెండు మూడు రోజులున్నా పెద్దగా తగ్గదంటారు. ఆ చెప్పినవాళ్లది మే నెల గుంటూరు గది కాదు గనక, నేను మాత్రం ఆ పూటే తెమ్మంటాను. ఫ్రిజ్‌లో పెట్టమంటే, "పెరుగు గిన్నె పక్కనా?" అని ఓ ఇల్లాలు నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది.

బల్ల దగ్గర పని ఓపికతో కూడింది. పుల్లతో కందిగింజంత తీసి, 100 మిల్లీగ్రాములు తూచి, ద్రావణంలో బాగా కలిపి, తేటని ప్లేటు గుంటల్లో వేస్తాం. చివర్లో నీలం తేలుతుంది. ఆసిడ్ పడగానే పసుపవుతుంది. పసుపు ఎంత చిక్కనైతే ప్రొటీను అంత ఎక్కువ. నీళ్ల విరేచనమైతేనే చిక్కు, తూచిన దాంట్లో నీళ్లే మరీ ఎక్కువ కాబట్టి అంకె పలచబడుతుంది.

గ్రాముకు 50 మైక్రోగ్రాముల లోపుంటే పేగులో వాపు ఉండే అవకాశం తక్కువ. ఏళ్ల తరబడి కడుపునొప్పితో తిరిగినవాళ్లకు కొలనోస్కోపీ తప్పించే అంకె అది. 250 దాటితే వాపు ఉన్నట్టే చూస్తారు. నడుమ వస్తే మళ్లీ చేయించాల్సిందే. అయితే ఎంత పెద్ద అంకె వచ్చినా జబ్బు పేరు చెప్పదు. అల్సరేటివ్ కొలైటిస్, క్రోన్స్, పేగు క్షయ, మామూలు రక్త విరేచనాలు, అన్నిటికీ అది పెరుగుతుంది. "పాజిటివ్ వచ్చిందా?" అని ఎవరైనా అడిగితే నాకు ఒళ్లు మండుతుంది.

ఒకావిడకు 380 వచ్చింది. మందులేమైనా వాడుతున్నారా అంటే లేదంది. వెళ్లబోతూ మోకాలు పట్టుకుని మెట్టు దిగడం చూసి, "మోకాళ్లకేమైనా వేసుకుంటారా అమ్మా?" అన్నాను. "నొప్పిబిళ్లేగా బాబూ, రోజూ పొద్దునా రాత్రీ. అదీ మందేనా?" అంది. ఆ బిళ్లలు పేగును రేపి ఈ అంకెను పెంచగలవు. డాక్టరు వాటిని మాన్పించి కొన్ని వారాలాగి మళ్లీ చేయిస్తే 60. ఆనాటి నుంచి నేను "మందులు" అని అడగడం మానేశాను. నొప్పిబిళ్లా, గ్యాసుబిళ్లా అని విడివిడిగా అడుగుతాను.

తప్పు నాదైన రోజూ ఉంది. ఇంటర్ చదివే కుర్రాడు, నెల్లాళ్లుగా మలంలో రక్తం, జిగురు. నా రిపోర్టులో 85. డాక్టరు ఫోన్ చేసి, "రక్తం పడుతుంటే ఇదేంటండీ?" అన్నాడు. డబ్బా మళ్లీ తీశాను. పుల్లకు అంటకుండా జారిపోతోందని జిగురు చారను వదిలేసి, గట్టిగా ఉన్నచోట తీసుకున్నానని అప్పుడు వెలిగింది. అంతా కలియబెట్టి చేస్తే 210. స్కోపీలో జబ్బు పురీషనాళం వరకే ఉందని తేలింది, చివరి బెత్తెడు మేర. వాచిన చోటు అంత తక్కువైతే, సరిగ్గా తీసినా అంకె మరీ ఎగబాకకపోవచ్చు.

ఆ కుర్రాడు ఇప్పుడు బీటెక్. మందు పనిచేస్తోందో లేదో చూడటానికి అడపాదడపా డబ్బా తెస్తాడు. మూత మీద పేరు, టైము తనే రాస్తాడు, క్యాలెండరు వంక చూడడు. కవరు మాత్రం ఇంకా నల్లదే.