గురుడి పక్కన ఒక గీత

విజయవాడ గవర్నర్‌పేటలో డాబా ఎక్కితే పాలపుంత కనపడదు. ఏలూరు రోడ్డు దుకాణాల వెలుగు, వీధి దీపాలు కలిసి ఆకాశాన్ని తెల్లబరిచేశాయి. నక్షత్రాల ఫొటోలు కావాలంటే హంసలదీవి దాకా పోవాలంటారు మావాళ్లు. నిజమే. కానీ నాకిష్టమైన పనికి ఈ ఊరి ఆకాశం చాలు. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం గురుడికో శుక్రుడికో దగ్గరగా వెళ్లేటప్పుడు రెంటినీ ఒకే ఫ్రేములో పట్టడమే ఆ పని. ఇంత వెలుతురులోనూ అవి మాసిపోకుండా నిలుస్తాయి.

కేంద్రానికి సొంత వెలుగు లేదు. మనకు చీకటి పడ్డాక కూడా 400 కిలోమీటర్ల ఎత్తున దానికి ఎండ తగులుతూనే ఉంటుంది. అందుకే పొద్దుగూకాక కాసేపు, మళ్లీ తెల్లవారుజామున మాత్రమే కనిపిస్తుంది. సెకనుకు ఏడున్నర కిలోమీటర్ల పైచిలుకు వేగం. ట్రైపాడ్ మీద కెమెరా బిగించి, 10 సెకన్ల ఎక్స్‌పోజర్లు ఎడం లేకుండా వరసగా తీసి తర్వాత కలిపితే, కేంద్రం దారి ఒక గీతలా వస్తుంది. షట్టర్ ఒకేసారి రెండు నిమిషాలు తెరిచి ఉంచితే మా పేట వెలుగుకు ఫొటో అంతా సున్నం కొట్టినట్టవుతుంది. ధనుర్మాసంలో అయితే లెన్సు మీద మంచు పడుతుంది, తుడుచుకుంటూ ఉండాలి.

అసలు విశేషమంతా మనం నిలబడే చోటులో ఉంది. గ్రహం కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంది కాబట్టి మనం ఏ పేటకు మారినా అది ఉన్నచోటే ఉంటుంది. కేంద్రం అలా కాదు. నడినెత్తిన ఉన్నప్పుడు దాని దారికి అడ్డంగా మనం ఒక్క కిలోమీటరు జరిగితే, అది ఆకాశంలో చంద్రబింబంలో పావు వంతు పక్కకు తప్పుకుంటుంది. గవర్నర్‌పేటలో గురుడిని రాసుకుంటూ పోయిన గీత మంగళగిరిలో మూడు చంద్రబింబాల ఎడంగా పోవచ్చు. మన డాబా చిరునామా కూడా ఫొటోలో పడుతుంది! అందుకే కేంద్రం ఎప్పుడు ఎటు పోతుందో చెప్పే హెవెన్స్ అబవ్ వెబ్‌సైటులో విజయవాడ అని కొట్టి ఊరుకోను, మా డాబా అక్షాంశ రేఖాంశాలే ఇస్తాను. కేంద్రం కక్ష్యను అప్పుడప్పుడూ సరిచేస్తుంటారు, కనుక ఏ రోజు లెక్క ఆ రోజే చూస్తాను.

చోటు మారితే వచ్చే ఈ తేడాతో దూరం కొలవడం పాత పద్ధతే. 1874 డిసెంబర్ 9న శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటినప్పుడు ప్రపంచంలో వేర్వేరు చోట్ల నుంచి చూసి, ఆ తేడాలతోనే సూర్యుడి దూరం లెక్కగట్టారు. విశాఖపట్నంలో తన వేధశాల నుంచి అంకితం వెంకట నర్సింగరావు గారు దాన్ని పరిశీలించారు. ఆ పనికి అప్పట్లో రాజ్యాలు ఓడలు పంపాయి. మనకు కృష్ణ దాటితే చాలు.

బెజవాడ సైన్సు, లెక్కల మాస్టార్లకు నా మనవి ఇదే. పిల్లల్ని ఒక జట్టు గవర్నర్‌పేటలో, ఇంకో జట్టు మంగళగిరిలో నిలబెట్టండి. సెకన్లతో సహా టైము సరిచూసుకుని, ఒకే గ్రహం పక్కన ఆ కేంద్రాన్ని రెండు చోట్లా ఫొటో తీయించండి. ఎడంలో వచ్చిన తేడా, రెండు చోట్ల మధ్య సుమారు 12 కిలోమీటర్ల దూరం చేతిలో ఉంటే, కేంద్రం ఎంత దూరంలో ఉందో పదో తరగతి త్రికోణమితితోనే తేలుతుంది. ఈ శీతాకాలంలోనే చేయించండి.