గొంతు ఒకరిది, గెంతు ఒకరిది

బాబీ ఫారెల్ ఒకచోట నిలబడి పాడిన వీడియో దొరకడం కష్టం. ఛాతీ తెరిచిన మెరుపు చొక్కా, గుబురుగా ఉంగరాల జుట్టు, మోకాళ్లు ఒకవైపు, నడుము ఇంకోవైపు. ఉన్నట్టుండి గాల్లోకి ఒక గెంతు. మైకు నోటి దగ్గర ఉందో లేదో కూడా చూసుకోడు. వెనక ముగ్గురు ఆడవాళ్లు కుదురుగా, తాళం తప్పకుండా పాడుతుంటే, ముందు ఇతను పూనకం వచ్చినవాడిలా ఊగిపోతుంటాడు. డిస్కో బృందం బోనీ ఎమ్ అనగానే అభిమానుల కళ్ల ముందు మెదిలే బొమ్మ ఇదే.

చెవుల్లో మోగేది మాత్రం ఇతని గొంతు కాదు.

జర్మన్ నిర్మాత ఫ్రాంక్ ఫారియన్ 1970ల మధ్యలో స్టూడియోలో తనే పాడుకుని, బోనీ ఎమ్ అనే కల్పిత పేరుతో ఒక రికార్డు వదిలాడు. అది జనంలోకి వెళ్లింది. టీవీలో కనిపించడానికి మనుషులు కావలసి వచ్చారు. అలా 1976 నాటికి నలుగురు కుదిరారు: జమైకాలో పుట్టిన లిజ్ మిచెల్, మార్సియా బారెట్, మోంట్సెరాట్ దీవి నుంచి మేజీ విలియమ్స్, ఆరుబా నుంచి బాబీ ఫారెల్. హిట్ రికార్డుల మీద వినిపించేవి లిజ్, మార్సియా, ఫారియన్‌ల గొంతులే. పాతాళం నుంచి వచ్చినట్టుండే ఆ మగ గొంతు ఫారియన్‌ది. 'డాడీ కూల్' పాట మొదట్లో వచ్చే టకటక కూడా ఆయనదే. పెన్సిల్‌తో తన పళ్ల మీద కొట్టుకుని పుట్టించిన చప్పుడది.

ఇదంతా మోసమని మండిపడ్డవాళ్లున్నారు. తెలుగు శ్రోతకు అంత కోపం రాకపోతే ఆశ్చర్యం లేదు. తెరమీద ఎన్టీఆర్, పాట ఘంటసాలది అని తెలిసే విజిల్ వేసిన జనం వీళ్లు. పైగా జట్టు మారడమంటే ఏమిటో వీళ్లకు 1974లోనే తెలిసొచ్చింది. ఆ ఫిబ్రవరిలో ఘంటసాల పోయారు. హీరోలు ఉన్నారు, గొంతు పోయింది. రామకృష్ణ, బాలసుబ్రహ్మణ్యం ఆ ఖాళీలోకి వచ్చి పాడారు. బాలు అయితే ఏ హీరోకి పాడుతున్నాడో ఆ హీరో మాట తీరును పాటలోకి దింపేశాడు. మొదట్లో చెవికి కొత్తగా తగిలినా, తెరమీద ఉన్నది అదే మనిషి కాబట్టి జనం సర్దుకున్నారు.

బోనీ ఎమ్‌లో ఇది తలకిందులుగా జరిగింది. 1981లో బాబీ బయటికి వెళ్లాడు. ఆ మరుసటి ఏడాది ఘనా మూలాలున్న రెగీ సీబో వచ్చాడు. రెగీ నిజంగా పాడగలడు, స్టూడియోలో పాడాడు కూడా. అంటే, పెదవులు కదిపే మనిషి పోయి పాటగాడు వచ్చాడు. కాగితం మీద చూస్తే బృందం మెరుగుపడినట్టే. కానీ పాత ఊపు రాలేదు. డిస్కో మోజు అప్పటికే తగ్గిన మాట నిజమే, నేరమంతా రెగీ మీద వేయడం అన్యాయం. అయినా పార్టీ పాటకు జనాన్ని కుర్చీల్లోంచి లేపేవాడు ఒకడు ఉండాలి. ఆ పని బాబీది. 1980ల మధ్యలో అతణ్ని వెనక్కి పిలిచారు కూడా. ఫారియన్‌కు గొంతుకు గొంతు దొరికింది గానీ ఆ ఒళ్లు దొరకలేదు.

1986లో బృందం విడిపోయాక ఎవరి జట్టు వాళ్లు కట్టుకున్నారు. ఒకే పేరుతో వేర్వేరు బోనీ ఎమ్‌లు ఊళ్లు తిరిగాయి. మేజీ జట్టు 2010లో పాలస్తీనాలోని రామల్లాలో పాడింది. అక్కడి నిర్వాహకులు 'రివర్స్ ఆఫ్ బాబిలోన్' వద్దన్నారు. ఆ పాట బైబిల్‌లోని 137వ కీర్తన మీద కట్టింది, యూదుల చెర గురించినది. జమైకా బృందం మెలోడియన్స్ 1970లో పాడిన ఆ పాటే, 1978లో బోనీ ఎమ్ పాడాక బ్రిటన్‌లో ఐదు వారాలు మొదటి స్థానంలో నిలిచింది. చర్చికి వెళ్లే తెలుగు ఇళ్లలో కీర్తనగా చదివినవాళ్లే, సాయంత్రం అదే పాటకు చప్పట్లు కొట్టారు.

ఈ జట్లలో దేనికి వెళ్లాలి అంటే, లిజ్ మిచెల్ ఉన్నదానికే. ఆమె ఇప్పుడు డెబ్బై దాటిన మనిషి. వయసుతో శ్రుతి దిగినా, పదాన్ని చివర్లో కాస్త వదులుగా వదిలే ఆ అలవాటు ఆమెదే. పాత క్యాసెట్‌లో 'బ్రౌన్ గర్ల్ ఇన్ ద రింగ్' విన్న చెవి దాన్ని వెంటనే పట్టేస్తుంది. వేదిక మీద పేరుతో పాటు అసలు గొంతు కూడా ఉండటం ఈ బృందం విషయంలో చిన్న సంగతి కాదు.

చిక్కంతా మగ గొంతు దగ్గర. బాబీ 2010 డిసెంబర్ 30న సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పోయాడు. ఈ బృందం పాటకెక్కించిన రష్యన్ రాస్పుతిన్ హత్యకు గురైందీ అదే ఊళ్లో, 1916లో అదే తేదీన. ఫారియన్ 2024 జనవరిలో పోయాడు. ఇప్పుడు లిజ్ జట్టులో 'డాడీ కూల్'లోని ఆ లోతు మాటలు పలికి, 'రాస్పుతిన్'లో కాళ్లు విసిరే యువకుడు ఇద్దరి బరువు మోస్తున్నాడు. 2021లో డీజే మెజెస్టిక్ చేసిన రీమిక్స్‌తో 'రాస్పుతిన్' మళ్లీ పిల్లల ఫోన్లలోకి వచ్చింది, కాబట్టి ముందు వరసలో ఉన్న ఇరవై ఏళ్లవాళ్లు చూసేది అతని కాళ్లనే. టేపు మీద ఫారియన్ గొంతు వేసి ఇతణ్ని ఆడిస్తే పని తేలిక. కానీ అంత లోతు లేకపోయినా సరే, ఇతను సొంత గొంతుతో పలకాలి. గెంతి గెంతి ఆయాసంతో మాట విరిగినా ఫర్వాలేదు. కచేరీల్లో బాబీ మైకు తీసుకుని గరుకు గొంతుతో పాడినప్పుడు జరిగింది అదే, జనం కేకలు వేసిందీ దానికే. నిర్వాహకులు చేయవలసింది ఒకటుంది. లిజ్ పేరు కింద, చిన్న అక్షరాల్లోనైనా, ఆ యువకుడి పేరు పోస్టర్ మీద వేయాలి.