బెల్లానికి దూరపు చుట్టం

నాలుగేళ్ల కిందట పార్శ్వపు నొప్పి ఎక్కువైతే, కాఫీ, చాక్లెట్ రెండూ మానేసి చూడమన్నారు డాక్టరుగారు. కాఫీ ఎలాగో మానాను. కానీ మా ఇంట్లో ఎవరి పుట్టినరోజైనా చాక్లెట్ కేకు నా చేతిదే. రుచి చూడకుండా వండటం నాకు చేతకాదు. కోకో బదులు వాడొచ్చని ఒక స్నేహితురాలు బెంగళూరు నుంచి కరోబ్ పొడి పొట్లం పంపింది. రంగు అచ్చం కోకోదే. కొలతకు కొలత వేసేశాను. కేకు తీపి ఎక్కువై, పొడిపొడిగా, గొంతులో అడ్డం పడేలా వచ్చింది. పిల్లలు రెండో ముక్క అడగలేదు. ఆ పొట్లం రెండేళ్లు అలమరలో వెనక్కి పోయింది.

తప్పు ఎక్కడుందో తర్వాత తెలిసింది. కోకో గింజలో సగానికి పైగా కొవ్వే. మన ఒంటి వేడికి కరిగే ఆ కొవ్వు వల్లే చాక్లెట్ నాలుక మీద జారుతుంది. కరోబ్‌లో కొవ్వు నూటికి ఒక పాలు కూడా ఉండదు. కోకోకి చేదు ప్రాణం. కరోబ్ కాయ బరువులో దాదాపు సగం చక్కెరే. కెఫీన్ లేదు కాబట్టి నాలాంటివాళ్లకు మేలే గానీ, షుగర్ ఉన్నవాళ్లు ‘ఆరోగ్యం’ అన్న మాట చూసి మోసపోకూడదు. 1970ల అమెరికాలో ఆరోగ్యాహారం పేరుతో దీన్ని చాక్లెట్ వేషం కట్టించి అమ్మారు. ఆ తరం పిల్లల్లో చాలామంది ఇప్పటికీ దాని పేరెత్తితే మొహం ముడుచుకుంటారు. ఆ కాయకు జరిగిన అన్యాయం అది. చాక్లెట్‌తో దానికి నాకు కనిపించిన అసలైన పోలిక ఒక్కటే: మా గోదావరి కొబ్బరితోటల నీడన కోకో కాయలు కాండానికే కాసినట్టు, కరోబ్ కూడా ముదురు కొమ్మల మీదే పూసి కాస్తుంది.

కిందటేడు సెప్టెంబరులో సైప్రస్ వెళ్లాను. మా అబ్బాయి ఉద్యోగం లిమసోల్‌లో. అక్కడ కోట పక్కనే పాత కరోబ్ మిల్లు ఉంది, ఇప్పుడు మ్యూజియం. ఒకప్పుడు ఈ కాయల ఎగుమతి మీదే ఎన్నో ఊళ్లు బతికాయట. నల్ల బంగారం అని పిలుచుకునేవారు. చెట్టు చూస్తే మన చింతచెట్టంత చల్లగా ఉంది. చింత, కంది, సెనగ పుట్టిన చిక్కుడు కుటుంబమే దానిదీ. జానెడు కాయ, ఎండి నల్లబడ్డ చిక్కుడులా ఉంటుంది. విరిచి నమిలితే ఖర్జూరం, పాత బెల్లం కలిసినట్టుంది. ఏసు చెప్పిన తప్పిపోయిన కుమారుడి కథలో ఆకలికి పందుల మేత తినాలనుకుంటాడే, అది ఈ కాయే అంటారు. మన తెలుగు బైబిల్లో ‘పొట్టు’ అని ఉంటుంది. ఆ మాట చదివినప్పుడు ఇంత తీపి ఉంటుందని నేనెప్పుడూ అనుకోలేదు.

గింజల సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. గ్రీకులో ఈ కాయను చిన్న కొమ్ము అనే అర్థంలో ‘కెరాతియోన్’ అన్నారు. అదే అరబ్బుల నోట ‘కిరాత్’ అయి, చివరికి క్యారెట్ అయింది. ఇప్పుడు వజ్రాల కొట్లో క్యారెట్ అంటే కచ్చితంగా 200 మిల్లీగ్రాములు. మన కంసాలి గురివింద గింజతో తూచినట్టే వాళ్లు ఈ గింజతో తూచారు. అదే గింజ నుంచి తీసిన జిగురు నేడు ఐస్‌క్రీముల్ని చిక్కబరుస్తోంది. మన గోరుచిక్కుడు గింజల జిగురు చేసే పనే.

లిమసోల్‌కు పడమర, కొండల మీద అనోగిరా అనే ఊరుంది. నన్ను మార్చింది ఆ ఊరు. అక్కడ కరోబ్ కాయల్ని నలగ్గొట్టి నీళ్లలో నానబెడతారు. ఆ నీళ్లను వడగట్టి గంటల తరబడి కాస్తారు. చెరుకు రసం కాగే పొయ్యి దగ్గర నిలబడ్డ వాసన! నల్లగా, తేనెలా చిక్కబడ్డాక సీసాల్లో పోస్తారు. ఇంకా ముదరనిస్తే పాస్తెలి అనే మిఠాయికి పాకం. ఆ ముదురు పాకాన్ని కాస్త చల్లార్చి ఒక పెద్దావిడ గోడకున్న కొక్కేనికి తగిలించింది. లాగింది, మడిచింది, మళ్లీ లాగింది.

నాకు నోట మాట రాలేదు. మా ఊరి తీర్థంలో జీళ్లవాడు మేకుకు బెల్లం పాకం తగిలించి లాగుతుంటే, ఏడేళ్ల వయసులో పైసలు గుప్పిట్లో బిగించి నిలబడ్డదాన్ని. ‘జీడిపాకంలా సాగుతోంది’ అని ప్రతి సీరియల్‌నీ అంటాం కదా, ఆ పాకమే ఇది. లాగినకొద్దీ నలుపు పోయి గోధుమరంగు, ఆపైన బంగారు రంగు వచ్చింది. పాకంలోకి చేరే సన్నటి గాలి బుడగలు వెలుతురును చెదరగొట్టడం వల్ల ఆ రంగు మార్పు. ఆవిడ నా చూపు గమనించి, భాష రాకపోయినా ఒక కొస నా చేతికిచ్చింది. వేడి చురుక్కుమంది. లాగే బలం మణికట్టుది కాదు, భుజానిది. పాకం గట్టిపడకముందే మడవాలి. ఎక్కడ ఆపాలో కంటికన్నా ముందు చేతికి తెలుస్తుంది. పేలిక పట్టినట్టు పట్టకూడదని ఆవిడ నా వేళ్లను సరిచేసింది.

లెబనాన్‌లో ఈ పాకాన్ని నువ్వుల ముద్దతో కలిపి రొట్టెకు అద్దుకుని తింటారు. మన నువ్వుండల జోడీ వాళ్లకూ తెలుసన్నమాట. మాల్టాలో తీపి తినకూడని ఉపవాస దినాల్లో కూడా కరోబ్ మిఠాయికి మాత్రం అనుమతి. ఆ చెట్టున్న ఊళ్లలో దాన్ని చాక్లెట్‌తో పోల్చాల్సిన అవసరం ఎవరికీ రాలేదు.

కాకినాడ తిరిగొచ్చాక అలమరలోని పొట్లం బయటికి తీశాను. సున్నుండల పిండిలో కొంచెం కలిపాను. ఈసారి బెల్లం పావువంతు తగ్గించి, నెయ్యి పెంచాను. మా అమ్మ ఒక ఉండ నోట్లో వేసుకుని, “ఇందులో ఏ ఊరి బెల్లం వేశావే?” అంది. తెచ్చుకున్న పాకం సీసాతో జీళ్లు లాగాను. రంగు బాగానే తిరిగింది. కానీ సముద్రపు గాలికి సాయంత్రానికే చెమ్మ పట్టి, ఒకదానికొకటి అంటుకుపోయాయి. సీసాలో ఇంకా సగం ఉంది. మాఘమాసపు పొడిగాలి వచ్చాక, ఇంకాస్త ముదురు పాకం పట్టి, వేయించిన నువ్వుల్లో దొర్లించి చూస్తాను.