లీటరు చెప్పని లెక్క: డీజిల్, పెట్రోలు బండ్ల పోలికపై ఒక విమర్శ

“డీజిల్ బండి మేలా, పెట్రోలు బండి మేలా?” అను ప్రశ్నకు సాధారణముగా వచ్చు సమాధానము ఒక్కటే: లీటరుకు డీజిల్ బండి ఎక్కువ దూరము పోవును గనుక అదియే మేలు. ఈ వాదములో సత్యము లేకపోలేదు. కాని అది సగము సత్యము. దానిని పూర్తి సమాధానముగా తరగతిలో అంగీకరించుట శాస్త్రబోధనకు తగదు.

ముందుగా ఆ సత్యమెంతయో చూడవలెను. పెట్రోలు ఇంజనులో సాధారణముగా గాలి, ఇంధనము కలిసిన మిశ్రమమును పిస్టను నొక్కును. విద్యుత్ స్ఫులింగము దానిని అంటించును. మితిమీరి నొక్కినచో ఆ మిశ్రమము తనంతట భగ్గుమని ఇంజనుకు హాని చేయును. డీజిల్ ఇంజనులో ఈ భయము లేదు. అందు నొక్కబడునది వట్టి గాలియే. అది మిక్కిలి వేడెక్కిన పిమ్మట నూనెను చిమ్ముదురు; స్ఫులింగము లేకయే అది మండును. అందుచే గాలిని సుమారు 15 నుండి 20 రెట్లు వరకు నొక్కవచ్చును. రుడాల్ఫ్ డీజిల్ నిర్మించిన ఇంజను 1897లో ఆగ్స్‌బర్గు పరీక్షలో ఇంధనపు ఉష్ణములో నూటికి 26 వంతులు పనిగా మార్చెను. ఆనాటి ఆవిరి యంత్రములు దీనికి చాల వెనుకనుండెను.

ఇక్కడ ఒక సూక్ష్మము కలదు. సిద్ధాంతరీత్యా, సంపీడన నిష్పత్తి సమానమైనచో స్ఫులింగముతో నడచు చక్రమే సామర్థ్యమున మిన్న. డీజిల్ గెలుపునకు ముఖ్య కారణము ఎక్కువగా నొక్కగలుగుటయే గాని, నూనెలోని మహిమ కాదు.

ఇక లీటరు మాట. లీటరు ఘనపరిమాణమునకు కొలత, శక్తికి కాదు. డీజిల్ పెట్రోలుకంటె సాంద్రమైనది. లీటరు పెట్రోలులో సుమారు 32, లీటరు డీజిల్‌లో సుమారు 36 మెగాజౌళ్ల శక్తి యుండును. లీటరుకు ఒక డీజిల్ కారు 20, ఒక పెట్రోలు కారు 16 కిలోమీటర్లు పోవుననుకొందురు గాక. లీటరు లెక్కలో డీజిల్ ఆధిక్యము నూటికి 25. శక్తి లెక్కలో అది 11కు దిగును. లీటరు పెట్రోలు మండిన సుమారు 2.3, డీజిల్ మండిన సుమారు 2.65 కిలోగ్రాముల కార్బన్ డై ఆక్సైడు వెలువడును. కిలోమీటరుకు లెక్కించినచో డీజిల్ వలన తగ్గుదల నూటికి 8 మాత్రమే.

మూడవ లెక్క ఊపిరికి సంబంధించినది. చిమ్మిన నూనెబిందువులు గాలితో సమముగా కలియవు. అందుచే మసి పుట్టును. అధిక ఉష్ణోగ్రతవద్ద నత్రజని ఆక్సైడులు పుట్టును. పెట్రోలు బండిలో వీనిని ఉత్ప్రేరకము తొలగించును. డీజిల్ పొగలో ఆమ్లజని మిగిలియుండుటచే ఆ ఉత్ప్రేరకము ఈ పని చేయజాలదు; యూరియా ద్రావణము వంటి వేరు ఉపాయములు కావలెను. డీజిల్ పొగ క్యాన్సరు కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ 2012లో నిర్ణయించెను. పరీక్షాశాలలో శుభ్రముగా, రోడ్డుపై మలినముగా నడచునట్లు ఫోక్స్‌వాగన్ సంస్థ డీజిల్ కార్లను అమర్చిన సంగతి 2015లో అమెరికాలో బయటపడెను. భారతదేశమున 2020 ఏప్రిల్ 1న వచ్చిన బి.ఎస్.-6 నియమములు డీజిల్ కారు నత్రజని ఆక్సైడుల హద్దును కిలోమీటరుకు 250 నుండి 80 మిల్లీగ్రాములకు తగ్గించినవి. పెట్రోలు కారు హద్దు 60.

పెట్రోలు బండి నిర్దోషి యని దీని భావము కాదు. ఇంధనమును నేరుగా సిలిండరులోనికి చిమ్ము పెట్రోలు ఇంజనులును సూక్ష్మరేణువులను వెలువరించును. డీజిల్‌కు తగిన తావును కలదు. బరువు లాగుచు, దూరమేగు లారీకి దాని మితవ్యయము నిజమైన లాభము. కాని రోజూ నాలుగైదు కిలోమీటర్లు తిరుగు కారులో పొగ తగినంత వేడెక్కదు. మసిని పట్టు జల్లెడ పూడిపోవును.

కావున “ఏది మేలు?” అను ప్రశ్నయే అసంపూర్ణము. ఏ పనికి, ఏ దూరమునకు, ఏ కొలతతో అని విద్యార్థి తిరిగి అడుగవలెను. లీటరు ఖర్చును బండి యజమాని చెల్లించును. పొగ ఖర్చును దారిన పోవు పిల్లవాడు చెల్లించును. రెండవదానిని విడిచిన లెక్క తప్పు లెక్కయే.