గొలుసుకు ఓర్చని జాగిలం

భిలాయి ఉక్కు కర్మాగారం టౌన్‌షిప్‌లో మంచి జాతి కుక్కను పెంచుకుందామనుకునే తెలుగువాళ్ళకు ముందు గుర్తొచ్చేవి ఆల్సేషియన్, లాబ్రడార్. కానీ తెలుగు మాట్లాడే ఇళ్ళలోనే పెరిగిన వేటకుక్క ఒకటుంది, రాజపాళయం. తమిళనాడు విరుదునగర్ జిల్లాలోని అదే పేరున్న ఊళ్ళో రాజు కులస్థుల ఇంటిభాష తెలుగు. 1949 నుంచి 1952 దాకా మద్రాసు ప్రభుత్వాన్ని నడిపిన పి.ఎస్. కుమారస్వామి రాజా అక్కడివారే. 2005లో తపాలా శాఖ నాలుగు దేశీ జాతి కుక్కల మీద స్టాంపులు వేస్తే వాటిలో రాజపాళయం ఒకటి.

ఒకప్పుడు దీన్ని అడవిపంది వేటకు వాడేవారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను కట్టడి చేసింది కానీ కుక్క స్వభావం చట్టంతో మారేది కాదు. ఉడుత కదిలితే చాలు, మెడ సాగుతుంది, చెవులు ముందుకు తిరుగుతాయి, ఒళ్ళంతా బిగుసుకుంటుంది. ఆ క్షణంలో మీ పిలుపు దానికి పట్టదు. అందుకే వీధిలో పట్టీ వదలకూడదు. పిల్లులు, కోళ్ళు ఉన్న ఇంట్లో మరీ జాగ్రత్త. ఇంట్లో ఒకరినే యజమానిగా ఎంచుకుంటుంది. కొత్తవాళ్ళు తలమీద చెయ్యి వేస్తే సహించదు. పిల్లగా ఉన్నప్పుడే నలుగురినీ, వాహనాల మోతనూ అలవాటు చేయాలి. కొట్టి నేర్పితే బెదురు పెరుగుతుంది, ఆ బెదురే తర్వాత కాటవుతుంది.

కొనేవాళ్ళు తెల్లని ఒళ్ళూ గులాబీరంగు ముక్కూ చూసి మురిసిపోతారు. నా దృష్టిలో ఈ జాతికి ఎక్కువ చేటు చేసింది ఆ మోజే. ఒంటికే కాదు, లోపలి చెవికి కూడా రంగునిచ్చే కణాలు కావాలి. అవి లేని పిల్లకు పుట్టిన కొద్ది వారాల్లోనే వినికిడి పోతుంది. కొనేముందు, పిల్ల నిద్రపోతుండగా వెనక నుంచి చప్పట్లు కొట్టి చూడండి. చప్పట్ల గాలి దానికి తగలకూడదు, నేల అదరకూడదు. ఒక చెవే వినబడని పిల్ల ఈ పరీక్షలో దొరకదు, డాక్టరుకు చూపించాల్సిందే. చెవిటి కుక్కను తీసిపారేయక్కర్లేదు. చేతి సైగలతో చక్కగా నేర్చుకుంటుంది.

భిలాయి మే నెల ఎండ 45 డిగ్రీల దాకా వెళ్తుంది. పొట్టి బొచ్చు, తెల్ల చర్మం కాబట్టి ముక్కూ చెవి అంచులూ కమిలిపోతాయి. సూర్యోదయానికి ముందు ఒకసారి, చీకటి పడ్డాక ఒకసారి పరుగెత్తించండి. అరచెయ్యి ఆన్చలేనంత వేడిగా రోడ్డు ఉంటే బయటికి తీయకండి. ఛాతీ లోతైన కుక్క గనుక కడుపు నిండాక పరుగు పెట్టిస్తే పొట్ట ఉబ్బి మెలిపడే ప్రమాదం ఉంది. తిండికీ పరుగుకూ మధ్య గంట పైనే విరామం ఇవ్వాలి. ఒంట్లో కొవ్వు తక్కువ, డిసెంబరు రాత్రి గోనెసంచయినా పరవాలి. వానాకాలం చెవుల మడతల్లో, వేళ్ళ సందుల్లో గోమార్లు వెతకండి, వాటి వల్లే జ్వరాలు వస్తాయి. రేబిస్ టీకా ఏటా తప్పనిసరి.

క్వార్టర్ గేటుకు కట్టేసి కాపలాకు వాడుకుందామంటే ఈ కుక్క పనికిరాదు. కట్టేసి ఉంచితే నేల తవ్వుతుంది, మొరుగుతుంది, కనిపించిన ప్రతివాళ్ళ మీదికీ లేస్తుంది. ప్లాంటు షిఫ్టులు మారే ఇంట్లో రోజూ రెండు పూటలా దానితో పరుగెత్తే మనిషి ఎవరో ముందే తేల్చుకోండి. అలాంటి మనిషి లేకపోతే రాజపాళయం పిల్లను తెచ్చుకోకండి.