తిరుమణి అడుగుతున్న డిజైన్

వస్తువుకు అందమైన రూపం ఇవ్వడమే డిజైన్ అన్న అభిప్రాయం మన సమాజంలో ఇంకా బలంగానే ఉంది. ఎవరికి ఏమి అవసరమో గుర్తించి, చేతిలో ఉన్న వనరులతో ఆ అవసరం ఎలా తీరాలో ముందుగానే ఆలోచించి నిర్ణయించే పని అంతా నిజానికి డిజైనే. ఆ అర్థంలో కుర్చీకి ఎంత డిజైన్ కావాలో కౌలు ఒప్పందానికీ అంతే కావాలి. సమాజం మారుతున్నప్పుడు ఈ వృత్తి, దాన్ని నేర్పే విద్య ఏం చేయాలన్న ప్రశ్నను సూటిగా ముందు నిలుపుతున్న ఊరు, కర్ణాటకలోని తుమకూరు జిల్లా పావగడ తాలూకాకు చెందిన తిరుమణి.

మూడు వైపులా ఆంధ్రప్రదేశ్ ఉన్న ఈ తాలూకాలో కాగితాల భాష కన్నడమైనా చాలా ఇళ్లలో మాట తెలుగు; కరువు, వానమీద ఆధారపడిన వేరుశనగ సేద్యం అనంతపురం ప్రాంతంతో దీనికి ఉన్న మరో రెండు బంధాలు. ఇలాంటి మెట్ట ఊళ్లలో డిజైన్ విద్య తరతరాలుగా వడ్రంగి, కమ్మరి కొట్టాల్లో సాగింది. విత్తనం వేసే గొర్రును చేసే వడ్రంగి, రైతు నేల ఎర్రదో నల్లదో, ఎద్దులు ఎంత బరువు లాగగలవో, వేయబోయే పంటకు సాళ్ల మధ్య ఎంత ఎడం కావాలో విచారించిన తర్వాతే కొలత తీసుకునేవాడు. విత్తనం సరైన లోతున పడకపోతే రైతు అదే కొట్టానికి తిరిగి వచ్చేవాడు కాబట్టి, చేసిన పనికి జవాబు చెప్పడం కూడా ఆ విద్యలో భాగంగానే ఉండేది.

ఆ సాళ్లు ఉన్న చోట ఇప్పుడు సౌరఫలకాల వరుసలున్నాయి. కర్ణాటక పునరుత్పాదక ఇంధన సంస్థ, కేంద్రానికి చెందిన సౌర విద్యుత్ సంస్థ కలిసి 2015లో ఏర్పరచిన ఉమ్మడి కంపెనీ, తిరుమణి, బాలసముద్ర, వల్లూరు, రాయచెర్లు, క్యాతగానచెర్లు గ్రామాల పరిధిలో సుమారు 13,000 ఎకరాలను సేకరించి, 2019 చివరికల్లా 2,050 మెగావాట్ల సామర్థ్యంతో పావగడ సోలార్ పార్కును పూర్తి చేసింది. మెగావాట్ అంటే వెయ్యి కిలోవాట్లు. ఒకేచోట ఇంత సామర్థ్యం నెలకొన్న సౌరకేంద్రాలు ప్రపంచంలోనే కొద్ది. భూమిని కొనకుండా, ఎకరాకు ఏటా 21,000 రూపాయలతో మొదలై రెండేళ్లకోసారి ఐదు శాతం పెరిగే కౌలుకు, పాతికేళ్లకు పైబడిన గడువుతో తీసుకున్నారు.

యాజమాన్యం రైతుపేరనే నిలిపి, వాన పడినా పడకపోయినా ఏటా డబ్బు చేతికి వచ్చే ఏర్పాటు చేసిన ఈ కౌలు పత్రం, ఆ పార్కులో అన్నిటికంటే మెచ్చుకోదగిన డిజైన్. అయితే ఆ పత్రం పహణీలో, అంటే భూమి హక్కు రికార్డులో, పేరున్నవారితోనే మాట్లాడింది. కలుపు తీసి, కాయ కోసి బతికిన భూమిలేని కూలీలు, ముఖ్యంగా స్త్రీలు, బీళ్లలో గొర్రెలు మేపుకున్న కాపరులు, పనిముట్లు చేసిన చేతివృత్తులవారు ఆ రికార్డులో లేరు. సేద్యం ఆగిన నేలలో వారి పని కూడా ఆగిపోయింది. కాపలా, గడ్డి కోత, ఫలకాలు కడగడం వంటి కొత్త పనులు వారిలో కొందరికే సరిపోయాయి. డిజైనర్‌కు పని అప్పగించేటప్పుడు లక్ష్యాన్నీ, లబ్ధిదారులనూ, పరిమితులనూ వివరించే పత్రాన్ని ఆ వృత్తిలో బ్రీఫ్ అంటారు. బ్రీఫ్‌లో లేని మనిషి నక్షాలోకి రాడన్న సంగతిని ఈ ఐదు గ్రామాలు స్పష్టంగా చూపిస్తున్నాయి.

ఆ బ్రీఫ్ విశాలమై ఉంటే ఫలకం ఎత్తు కూడా చర్చకు వచ్చేది. ఫలకాలను సుమారు రెండు మీటర్ల ఎత్తుకు లేపి, వరుసల మధ్య ఎడం పెంచితే కింద పంట పండించవచ్చని జర్మన్ శాస్త్రజ్ఞుడు అడాల్ఫ్ గోట్జ్‌బెర్గర్ తన సహచరుడితో కలిసి 1980ల మొదట్లోనే ప్రతిపాదించాడు. ఒకే నేలమీద విద్యుత్తునూ పంటనూ తీసే ఈ పద్ధతిని అగ్రివోల్టాయిక్స్ అంటారు. ఎత్తు పెరిగితే ఉక్కు ఖర్చు పెరుగుతుందన్నది నిజమే కాని, ఆ ఖర్చు ఎవరు భరించాలి, దానివల్ల ఎవరికి పని మిగులుతుంది అన్నవి కేవలం ఇంజనీరింగ్ లెక్కలు కావు, డిజైనర్ మొదటిరోజే బల్లమీద పెట్టవలసిన ప్రశ్నలు.

భారతీయ డిజైన్ విద్యకు ఈ ప్రశ్నలు కొత్తవి కావు. ప్రభుత్వ ఆహ్వానంపై దేశం తిరిగిన అమెరికన్ డిజైనర్లు చార్లెస్, రే ఈమ్స్ దంపతులు 1958లో ఇచ్చిన నివేదిక, మామూలు చెంబును ఉదాహరణగా తీసుకుని వాడేవారి జీవితం నుంచే డిజైన్ పుట్టాలని చెప్పింది. ఆ ఆలోచనా బలంతోనే 1961లో అహ్మదాబాద్‌లో జాతీయ డిజైన్ సంస్థ ఏర్పడింది. 1975లో ఆ సంస్థ, రవి మత్తాయ్ నాయకత్వంలోని అహ్మదాబాద్ మేనేజ్‌మెంట్ విద్యాసంస్థ ఐఐఎం ఆచార్యులతో కలిసి, కరువు ప్రాంతమైన రాజస్థాన్‌లోని జవాజాలో పనిచేసింది. వనరులు లేవని అధికారులు తేల్చిన ఆ ప్రాంతంలో తోలుపని, నేత తెలిసిన మనుషులనే వనరుగా గుర్తించి, బయటివారు వెళ్లిపోయాక కూడా తమ వ్యాపారం తామే నడుపుకోగలిగేలా వారిని తీర్చిదిద్దడం ఆ ప్రయోగ లక్ష్యం. తెలుగు నేలమీద 2015లో ఆంధ్రప్రదేశ్ జాతీయ డిజైన్ సంస్థ తరగతులు మొదలయ్యాయి కాబట్టి, జవాజా పాఠాన్ని రాయలసీమ సరిహద్దు మెట్టకు అన్వయించే బాధ్యత ఇప్పుడు తెలుగు విద్యార్థులపైన, అధ్యాపకులపైన కూడా ఉంది.

అందుకు పాఠ్యప్రణాళికలో మూడు మార్పులు అవసరం. భూమి రికార్డును, కౌలు పత్రాన్ని చదివి, అందులో ఎవరి పేరు లేదో వెతకడం విద్యార్థికి బొమ్మ గీయడమంత ముఖ్యమైన అభ్యాసం కావాలి. చేసిన డిజైన్ ఏమైందో కొన్నేళ్ల తర్వాత అదే ఊరికి వెళ్లి చూసి, లోపాలను సవరించే బాధ్యత చదువులో భాగం కావాలి. ఆ క్రమశిక్షణ గొర్రు చేసిన వడ్రంగికి ఉండేది. ఇటువంటి గ్రామాల పిల్లలు, పట్టణ శిక్షణ కొనుక్కునే స్తోమత లేకున్నా, తమ భాషలో ఆలోచిస్తూ డిజైన్ బడుల్లోకి రాగలిగే దారి కూడా ఏర్పడాలి.

సౌరఫలకం ఆయుష్షు సుమారు పాతికేళ్లు కాబట్టి, 2040ల నడిమికి తిరుమణి పరిసరాల్లో లక్షలాది పాత ఫలకాలను ఏం చేయాలి, స్తంభాలు దిగిన నేలను మళ్లీ సేద్యానికి ఎలా సిద్ధం చేయాలి, కొత్త ఒప్పందం రాస్తే అందులో కూలీలకు, కాపరులకు ఏ వాటా ఉండాలి అన్న ప్రశ్నలు తప్పక ఎదురవుతాయి. ఆనాటికి నిర్ణయాలు తీసుకునే స్థానాల్లో ఉండబోయేది ఈనాటి డిజైన్ విద్యార్థులే. రెండో బ్రీఫ్ రాసే రోజున ఆ ఐదు గ్రామాల్లోని భూమిలేనివారు కూడా బల్ల దగ్గర కూర్చుని ఉండేలా చూసే పనిని డిజైన్ విద్యాసంస్థలు ఈ ఏడాది తరగతుల నుంచే మొదలుపెట్టాలి.