దేవత స్థానంలో నిర్మాత: నురేయెవ్ ‘సిండ్రెల్లా’

సిండ్రెల్లా కథ మీకు తెలిసిందే. సవతితల్లి, గాజు చెప్పు, అర్ధరాత్రి పన్నెండు గంటలు: ఇవన్నీ చిన్నప్పుడు ఏ బొమ్మల పుస్తకంలోనో చూసే ఉంటారు. ఫ్రెంచి రచయిత షార్ల్ పెరో 1697లో ప్రచురించిన ఈ కథను రుడాల్ఫ్ నురేయెవ్ 1986లో ప్యారిస్ ఒపేరా బాలే బృందం కోసం 1930ల నాటి హాలీవుడ్‌కు తరలించాడు. ఇలా కాలం మార్చిన ప్రదర్శనను పరిశీలించేటప్పుడు మొదట ఒక ప్రశ్న వేసుకోండి. పాత కథలో ఒక పాత్ర చేసే పనిని కొత్త కాలంలో ఎవరు చేస్తున్నారు?

ఇక్కడ రాకుమారుడు సినిమా హీరో అయ్యాడు. రాజప్రాసాదం స్టూడియో అయింది. అసలైన మార్పు మాత్రం దేవతది. ఆమె స్థానంలో సినీ నిర్మాత వచ్చాడు. పెరో కథలో దేవత చేసే పని ఏమిటి? వంటింటి బూడిదలో ఎవరికీ కనబడని పిల్లను లోకమంతా చూసేలా చేయడం. 1930లలో ఆ శక్తి నిజంగానే కెమెరాది, దాన్ని నడిపే డబ్బుది. అందువల్ల ఈ మార్పు అతికించినట్లు ఉండదు. అయితే దేవత ప్రతిఫలం ఆశించదు; నిర్మాత వ్యాపారి. ఈ తేడా కథలోని మాయను పలచన చేస్తుందని కొందరికి అనిపించవచ్చు. నాకు మాత్రం కథకు కావలసిన భయం ఇక్కడే దొరికిందనిపిస్తుంది.

అన్ని మార్పులూ ఇంత బరువు మోయవు. రెండవ అంకంలో షూటింగు మధ్య కింగ్‌కాంగ్ కనబడతాడు. ప్రేక్షకులు నవ్వుతారు, అంతే. ఆ కోతి లేకపోయినా కథకు లోటు లేదు. సిండ్రెల్లా చాప్లిన్‌ను అనుకరించే ఘట్టం అలాంటిది కాదు. బీదవాడైన ఆ దేశదిమ్మరి వేషం ఆమె ఆకలినీ ఆశనూ ఒకేసారి చెబుతుంది. సవతితల్లి పాత్రను పురుషుడు పాయింట్ షూ తొడుక్కొని మునివేళ్లపై నర్తిస్తాడు. కూచిపూడిలో పురుషుడు సత్యభామ కావడం మీరు ఎరుగుదురు. అక్కడ ఆ సొగసును ప్రేక్షకుడు నమ్మాలి. ఇక్కడ నమ్మకపోవడంలోనే హాస్యం ఉంది.

పరీక్షల్లో దీన్ని ‘జాజ్ బాలే’ అని రాయకండి. ఇందులో జాజ్ యుగపు దుస్తులూ హావభావాలూ ఉన్నాయి గాని సంగీతం ప్రొకోఫియెవ్‌ది. ఆయన దీన్ని 1940లో మొదలుపెట్టి, యుద్ధకాలంలో మధ్యలో ఆపి, 1944లో పూర్తిచేశాడు. మరుసటి ఏడు మాస్కోలో తొలి ప్రదర్శన జరిగింది. అందులో వినిపించేవి వాల్ట్జ్, గవోత్, మజుర్కా. కళ్లు ఒక కాలంలో, చెవులు మరో కాలంలో ఉండడం కొన్నిచోట్ల ఇబ్బందే. కాని అర్ధరాత్రి గడియారం ఘట్టం వినండి. టిక్‌టిక్‌మని మొదలైన చప్పుడు మీదికి విరుచుకుపడే మోతగా పెరుగుతుంది. పాత కథలో పన్నెండు కొడితే బండి గుమ్మడికాయ అవుతుంది. సినిమా తారకు గడియారమంటే వయసు. అందుకే ఆ సంగీతం ఇక్కడ మరింత కటువుగా తాకుతుంది.

చివరగా, పాత్రధారులను చూడండి. నిర్మాత వేషం వేసింది నురేయెవే. అప్పటికి ఆయన వయసు 48. 1983 నుంచి ఆ బాలే బృందానికి డైరెక్టరు. సిండ్రెల్లాగా నర్తించిన సిల్వీ గియెమ్‌ను 1984లో, 19 ఏళ్ల వయసులో, ‘ఎత్వాల్’ హోదాకు ఎంపిక చేసింది ఆయనే. ఫ్రెంచిలో ఆ మాటకు అర్థం నక్షత్రం. అనామక బాలికను తారగా మలిచే పెద్దమనిషి పాత్రలో ఆయన తన ఉద్యోగాన్నే నటించాడన్నమాట. ఆ అధికారంలోని ఆప్యాయతనూ అహంకారాన్నీ రెంటినీ దాచలేదు. గియెమ్ 1989లో ప్యారిస్ వదిలి లండన్‌లోని రాయల్ బాలేకు వెళ్లిపోయింది. నురేయెవ్ డైరెక్టరు పదవి ముగిసిందీ ఆ ఏడాదే.